కంపెనీ డబ్బా, మన రూటరు: మీ ప్రశ్నలు, మా జవాబులు

మాది రెండంతస్తుల ఇల్లు. నెట్ కంపెనీ వాళ్లు కింద హాల్లో టీవీ వెనక డబ్బా బిగించి వెళ్లారు. పై గదుల్లో సిగ్నల్ రాదు. మంచి రూటర్ కొన్నాను కానీ ఆ సన్నటి ఫైబర్ తీగ దానికి ఎక్కడా పట్టడం లేదు. పాత డబ్బా తీసేసి కొత్తది పెట్టే దారి లేదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

డబ్బా తీస్తే నెట్టే పోతుంది. అది ఒక్క పని చేసే డబ్బా కాదు, మూడు పనులు ఒకే పెట్టెలో పెట్టారు. మొదటిది, ఫైబర్‌లో వచ్చే వెలుగును కరెంటు సంకేతంగా మార్చడం. రెండోది రూటింగ్, అంటే లాగిన్ కావడం, ఇంట్లోని ఫోన్లకూ టీవీకీ అడ్రసులు పంచడం. మూడోది వైఫై. మీరు కొన్న రూటర్ చివరి రెండూ చేయగలదు, మొదటిది చేయలేదు. ఆ మొదటి పని చేసే భాగాన్నే ఓఎన్‌టీ అంటారు.

ఓఎన్‌టీని మనం మార్చలేకపోవడానికి కారణం వీధిలో ఉంది. ఎక్స్ఛేంజీ నుంచి వచ్చే ఒక్క ఫైబర్ స్ప్లిటర్ దగ్గర 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుతుంది. కిందికి వచ్చే డేటా 1490 నానోమీటర్ల వెలుగులో అందరికీ వస్తుంది. పైకి వెళ్లేది 1310 నానోమీటర్ల వెలుగులో, వంతులవారీగా వెళ్తుంది. ఎవరి వంతు ఎప్పుడో చెప్పేది ఎక్స్ఛేంజీలోని ఓఎల్‌టీ అనే యంత్రం. అది మీ డబ్బాను సీరియల్ నంబరుతో గుర్తుపడుతుంది. నంబరు నమోదు కాని డబ్బా పెడితే లైన్ ఎత్తుకోదు. వంతు తప్పి వెలుగు పంపే డబ్బా అయితే వీధి మొత్తం నెట్ చెడగొడుతుంది.

మీకు కావలసింది పై గదుల్లో వైఫై, అంతే. దానికి కొత్త రూటర్‌ను యాక్సెస్ పాయింటుగా, అంటే రూటింగ్ చేయకుండా వైఫై మాత్రమే ఇచ్చేలా పెట్టుకుంటే చాలు. డబ్బా లాన్ పోర్టు నుంచి క్యాట్6 కేబుల్ పైకి లాగించండి. రూటర్ సెట్టింగుల్లో ఆపరేషన్ మోడ్ దగ్గర ‘యాక్సెస్ పాయింట్’ ఎంచుకోండి. ఆ ఎంపిక లేని రూటర్ అయితే మూడు మార్పులు చేయాలి. దాని లాన్ అడ్రసును 192.168.1.2గా మార్చండి (డబ్బా 192.168.1.1 అయితేనే), డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే పని) ఆపేయండి, కేబుల్‌ను వాన్ పోర్టుకు (బయటి నెట్ వచ్చేది) కాకుండా లాన్ పోర్టుకే (ఇంట్లోని వాటికి నెట్ ఇచ్చేది) గుచ్చండి.

కిందా పైనా వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం ఒకటే ఉంటే మెట్లెక్కేటప్పుడు ఫోన్ దానంతట అదే మారుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో మాత్రం కింద ఛానల్ 1 ఉంటే పైన 6 గానీ 11 గానీ పెట్టండి. చాలామంది కొత్త రూటర్‌ను తెచ్చి పాత డబ్బా పక్కనే, అదే టీవీ వెనక పెడతారు. అలా పెడితే ఎంత ఖరీదైన రూటరైనా స్లాబు దాటి పైకి రాదు.

కొత్త రూటర్ పెట్టాక నెట్ వస్తోంది కానీ ప్రింటర్ కొన్ని ఫోన్లకే కనిపిస్తోంది. ఒక్కోసారి రూటర్ పేజీ తెరిస్తే కంపెనీ డబ్బా పేజీ వస్తోంది.
– ఒక ఆడిటర్, నల్గొండ

రెండు డబ్బాలూ రూటింగ్ చేస్తున్నాయి. దీన్ని డబుల్ నాట్ అంటారు. డబ్బా వైఫైకి కలిసిన ఫోన్లు ఒక నెట్‌వర్క్‌లో, రూటర్ వైఫైకి కలిసినవి ఇంకో నెట్‌వర్క్‌లో పడ్డాయి. పైగా రెండింటికీ 192.168.1.1 అడ్రసే ఉన్నట్టుంది, అందుకే ఒకటి తెరిస్తే మరొకటి వస్తోంది. రూటర్‌ను యాక్సెస్ పాయింటుగా మారిస్తే రెండు సమస్యలూ పోతాయి. రూటర్‌గానే ఉంచాలనుకుంటే దాని లాన్ అడ్రసును 192.168.50.1 లాంటి వేరే వరసకు మార్చి, డబ్బా వైఫై ఆపేసి, అన్నిటినీ రూటర్‌కే కలపండి. యూట్యూబ్ చూడటానికి, వీడియో కాల్స్‌కు డబుల్ నాట్ అడ్డం కాదు. బయట నుంచి ఇంట్లోకి రావాల్సిన వాటికీ, కొన్ని ఆన్‌లైన్ ఆటలకూ మాత్రమే అడ్డం.

బీఎస్ఎన్ఎల్ ఫైబర్ వాడుతున్నాం. డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే వెలుగును మార్చడం వరకే చేసేలా పెట్టి, నా రూటర్‌తోనే లాగిన్ కావాలని ఉంది. ఒకసారి ప్రయత్నిస్తే మొత్తం నెట్ పోయి, టెక్నీషియన్ వచ్చేదాకా రెండు రోజులు ఆగాల్సి వచ్చింది. వరసగా ఏమేం చేయాలి?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, హనుమకొండ

రెండు రోజులు పోయాయంటే మీరు వెనకున్న సూది రంధ్రంలో రీసెట్ నొక్కి ఉంటారని మా అనుమానం. రీసెట్‌తో పాస్‌వర్డ్ మాత్రమే కాదు, కంపెనీ పెట్టిన వీలాన్ నంబరు (ఒకే తీగలో వచ్చే నెట్, ఫోన్ లాంటి సేవలను విడదీసే గుర్తు), కొన్ని డబ్బాల్లో ఓఎల్‌టీకి చూపించే రహస్య సంకేతం కూడా చెరిగిపోతాయి. అప్పుడు ఫైబర్ లింకు కుదిరిందని చూపే పాన్ లైటే నిలబడదు. ఈ పనిలో రీసెట్ అవసరం ఎక్కడా రాదు.

ముందు సమాచారం చేతిలో పెట్టుకోండి. బీఎస్ఎన్ఎల్ లైన్ పీపీపీఓఈ పద్ధతిలో లాగిన్ అవుతుంది కాబట్టి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కావాలి. డబ్బా పేజీలో పాస్‌వర్డ్ చుక్కలుగానే కనిపిస్తుంది. గుర్తు లేకపోతే మొదలుపెట్టక ముందే ఫోన్ చేసి కొత్తది పెట్టించుకోండి. తర్వాత ల్యాప్‌టాప్‌ను వైఫైతో కాకుండా కేబుల్‌తో డబ్బాకు కలిపి, 192.168.1.1 తెరిచి, వాన్ పేజీని పై నుంచి కింది దాకా ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తిరిగి యథాస్థితికి రావాలంటే ఆ ఫొటోలే దిక్కు.

ఆ పేజీలో సాధారణంగా ఒకటికి మించి వరసలు ఉంటాయి. ఇంటర్నెట్ అని ఒకటి, వాయిస్ అని ఇంకొకటి, టీఆర్069 అని మరొకటి. టీఆర్069 అంటే కంపెనీ దూరం నుంచి డబ్బాను సరిచేసుకునే దారి. మీరు ముట్టుకోవలసింది ఇంటర్నెట్ వరసనే. మొత్తం చెరిపి కొత్తగా రాద్దామని కూర్చుంటే ల్యాండ్‌లైన్ మూగబోతుంది.

ఇంటర్నెట్ వరసలో ఛానల్ మోడ్ పీపీపీఓఈ అని ఉంటుంది, దాన్ని ‘బ్రిడ్జ్డ్’ చేయండి. వీలాన్ టిక్కు, దాని నంబరు ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. ఆ నంబరు ఊరిని బట్టి, ఫ్రాంచైజీని బట్టి మారుతుంది కాబట్టి ఇంకో ఊరి స్నేహితుడు చెప్పిన నంబరు వేయకండి. కింద పోర్ట్ మ్యాపింగ్ దగ్గర లాన్1 ఒక్కటే టిక్కు పెట్టండి. లాన్2ను దీంతో కలపకుండా వదిలేస్తే, రేపు డబ్బా పేజీ చూడాల్సి వచ్చినప్పుడు దానికి ల్యాప్‌టాప్ గుచ్చి లోపలికి వెళ్లొచ్చు. సేవ్ చేసి, డబ్బా వైఫై ఆపేయండి.

ఇక రూటర్ సంగతి. డబ్బా లాన్1 నుంచి రూటర్ వాన్ పోర్టుకు కేబుల్ పెట్టి, రూటర్‌లో పీపీపీఓఈ ఎంచుకుని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వండి. ఇక్కడ వీలాన్ పెట్టకండి. డబ్బా ఇప్పటికే ఆ ముద్ర వేస్తోంది, రూటర్ కూడా వేస్తే ఆ డేటాను అవతల ఎవరూ గుర్తించరు. వీలాన్ ముద్ర ఏదో ఒక్కటే వేయాలి. బ్రిడ్జ్ పనిచేయక తిరిగొచ్చే కేసుల్లో ఎక్కువ పొరపాటు ఇదే.

రెండూ ఆపి, ముందు డబ్బా వెయ్యండి. పాన్ లైటు ఆకుపచ్చగా నిలిచాక, అంటే ఒకటి రెండు నిమిషాల తర్వాత, రూటర్ వెయ్యండి. లాగిన్ కాకపోతే వెంటనే పాస్‌వర్డ్ తప్పనుకోకండి. పాత డబ్బా తెరిచిన సెషన్ సర్వర్‌లో ఇంకా బతికే ఉండొచ్చు. ఒక లాగిన్‌కు ఒకే సెషన్ ఇచ్చే చోట రెండోది తిరస్కరిస్తారు. రెండూ ఆపి పది నిమిషాలు ఆగి మళ్లీ వేయండి. అప్పటికీ కాకపోతే మ్యాక్ బైండింగ్ (ఒక్క పరికరం గుర్తింపు నంబరుకే, అంటే మ్యాక్‌కే, లాగిన్‌ను కట్టేయడం) ఉందేమో అడగండి. ‘పాత మ్యాక్ తీసేయండి’ అంటే కస్టమర్ కేర్ వాళ్లకు అర్థమవుతుంది. లేదా డబ్బా కింద స్టిక్కర్ మీది మ్యాక్‌ను రూటర్‌లోని మ్యాక్ క్లోన్ గడిలో రాసి చూడండి.

రెండు జాగ్రత్తలు. టీఆర్069 ద్వారా కంపెనీ ఎప్పుడైనా పాత సెట్టింగులు మళ్లీ పంపితే బ్రిడ్జ్ పోయి డబ్బా తిరిగి తనే లాగిన్ అవుతుంది. బాగా పనిచేస్తున్న రూటర్‌కు ఓ ఉదయం ఉన్నట్టుండి లాగిన్ దొరకకపోతే ముందు అదే చూడండి. రెండోది, ఇప్పటిదాకా డబ్బా చాటున ఉన్న మీ రూటర్ ఇప్పుడు నేరుగా ఇంటర్నెట్ ముందు నిలబడింది. దాని రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి.

ఇంత శ్రమ అందరికీ అవసరమా అంటే, కాదు. సొంత వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌లోకి రహస్య దారి), పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని ఇంట్లోని ఒక పరికరానికి పంపడం), పిల్లల ఫోన్లకు వేళలు పెట్టడం లాంటివి ఇంట్లో మొత్తం మీద రూటరే చూసుకోవాలనుకునే వారికే బ్రిడ్జ్. కొన్ని కంపెనీల డబ్బాల్లో ఆ ఎంపికే ఉండదు. అలాంటప్పుడు డబ్బాలో డీఎంజెడ్ అనే చోట రూటర్ అడ్రసు రాస్తే, బయటి నుంచి వచ్చే ప్రతిదాన్నీ రూటర్‌కే తోసేస్తుంది.

బ్రిడ్జ్ చేశాక యూట్యూబ్, వాట్సాప్ బాగానే ఉన్నాయి. ఒక బ్యాంకు సైటు, ఆఫీసు వీపీఎన్ మాత్రం సగం తెరుచుకుని ఆగిపోతున్నాయి.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దది ఉండొచ్చో చెప్పే అంకె చూడండి. మామూలు ప్యాకెట్ 1500 బైట్లు. పీపీపీఓఈ తన కోసం అందులో 8 బైట్లు తీసుకుంటుంది, మిగిలేవి 1492. రూటర్‌లో 1500 అని ఉంటే పెద్ద ప్యాకెట్లు దారిలో ఇరుక్కుంటాయి. ‘చిన్నగా పంపు’ అని తిరిగి చెప్పే సందేశాన్ని కొన్ని ఫైర్‌వాల్స్ ఆపేయడం వల్ల కొన్ని సైట్లే ఆగుతాయి. వాన్ పేజీలో ఎంటీయూ 1492 చేయండి. విండోస్‌లో ముక్కలు చేయొద్దనే ఎంపికతో పింగ్ పరీక్ష చేస్తే 1464 సైజు వెళ్లాలి, 1465 ఆగాలి. మిగతా 28 బైట్లు హెడర్లవి. 1464 కూడా వెళ్లకపోతే వెళ్లే సైజు దాకా తగ్గించుకుంటూ వచ్చి, దానికి 28 కలిపి ఎంటీయూగా పెట్టండి.

200 ఎంబీపీఎస్ ప్లాను. కంపెనీ డబ్బా వైఫైలో 190 వస్తోంది. నా రూటర్‌లో ఎంత చేసినా 94 దాటదు. రూటర్ అట్ట మీద 1200 అని రాసి ఉంది.
– ఒక దుకాణదారు, ఒంగోలు

94 అన్న అంకె చెప్పారు కాబట్టి జవాబు సులువు. 100 ఎంబీపీఎస్ లింకులో హెడర్ల ఖర్చు పోగా చేతికి మిగిలేది దాదాపు అంతే. ఎక్కడో ఒక చోట లింకు వందకు పడిపోయింది.

మొదటి అనుమానం రూటరే. అట్ట మీది 1200 వైఫై వేగాల మొత్తం, పోర్టుల వేగం కాదు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో పోర్టుల దగ్గర 10/100 అని ఉంటే ఆ రూటర్ మీ ప్లానుకు చాలదు, 10/100/1000 అని ఉండాలి. రెండో అనుమానం కంపెనీ డబ్బా. కొన్నింట్లో జీఈ పోర్టు ఒకటే, మిగతావి ఎఫ్ఈ. జీఈ అంటే గిగాబిట్, ఎఫ్ఈ అంటే వంద. కేబుల్ తీసి జీఈ పోర్టుకు మార్చి చూడండి.

మూడోది కేబుల్. వందకు 1, 2, 3, 6 తీగలు చాలు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. నీలం జత గానీ గోధుమ జత గానీ ఒక తీగ తెగినా లింకు చప్పుడు చేయకుండా వందకు దిగిపోతుంది, నెట్ ఆగదు కాబట్టి ఎవరికీ తెలియదు. ప్లగ్‌ను దాని క్లిప్పు కింద వైపు ఉండేలా పట్టుకుని, బంగారు కొసలు పైకి ఉంచి ఎడమ నుంచి చూస్తే రంగులు ఈ వరసలో ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ప్రతి తీగ కొస ప్లగ్ అంచు దాకా వెళ్లిందా అని వెలుతురులో చూడండి. నాలుగో తీగో ఏడో తీగో ఒక మిల్లీమీటరు ముందే ఆగిపోవడం క్రింపింగ్‌లో మామూలుగా జరిగే తప్పే. రెండు ప్లగ్గులూ కోసి కొత్తవి వేయించండి.

పొలంలో కెమెరాలకు డీవీఆర్ (దృశ్యాలు రికార్డు చేసే పెట్టె) పెట్టాం. బ్రిడ్జ్ చేసి పోర్ట్ ఫార్వర్డ్ కూడా పెట్టాను. అయినా ఊరి బయట నుంచి కనిపించడం లేదు.
– ఒక రైతు, కరీంనగర్ జిల్లా

రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు. 10తో మొదలైనా అంతే. అంటే కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రసును ఎందరో వినియోగదారులకు పంచుతోంది. బయటి నుంచి వచ్చేవాడు ఆ అడ్రసు దాకా వచ్చి ఆగిపోతాడు, మీ గుమ్మం దాకా రాలేడు. మీ రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా వృథానే.

నెలకు అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవడం ఒక దారి. కెమెరాల కోసమే అయితే అది అనవసర ఖర్చని మా అభిప్రాయం. డీవీఆర్ కంపెనీ యాప్‌లో క్యూఆర్ స్కాన్ చేసి కలిపే పద్ధతి సీజీనాట్‌లో కూడా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ డీవీఆరే బయటికి ఫోన్ చేసినట్టు ముందుగా సర్వర్‌ను పలకరిస్తుంది. పబ్లిక్ ఐపీ దొరికినా డీవీఆర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవొద్దు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రామ్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, డీవీఆర్లను వెతికి పట్టుకుని, వాటితోనే పెద్ద సైన్యాన్ని పోగేసింది.

బ్రిడ్జ్ చేశాక ఏపీ ఫైబర్‌నెట్ టీవీ పెట్టెలో ఛానళ్లు రావడం లేదు.
– ఒక గృహిణి, భీమవరం

టీవీ పెట్టె కేబుల్‌ను మీ రూటర్‌కు మార్చి ఉంటారు. ఛానళ్లు ఇంటర్నెట్‌తో కలిసి రావు, ఫైబర్‌లోనే వేరే దారిన కంపెనీ డబ్బా దాకా వస్తాయి. టీవీ కేబుల్‌ను ముందు ఏ పోర్టుకు ఉండేదో అక్కడే పెట్టండి. ఫోన్ వైరుకూ ఇదే వర్తిస్తుంది, అది డబ్బాకే ఉండాలి.

మేం టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. ఏటీ అండ్ టీ ఫైబర్, బీజీడబ్ల్యూ320 డబ్బా. ఇక్కడ బ్రిడ్జ్ మోడ్ ఎక్కడా కనిపించడం లేదు.
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

దాని పేరు అక్కడ ఐపీ పాస్‌త్రూ. బ్రౌజర్‌లో 192.168.1.254 తెరిచి ఫైర్‌వాల్, ఐపీ పాస్‌త్రూ పేజీకి వెళ్లండి. డబ్బా స్టిక్కర్ మీది యాక్సెస్ కోడ్ అడుగుతుంది. అలొకేషన్ మోడ్‌లో ‘పాస్‌త్రూ’, కింద పాస్‌త్రూ మోడ్‌లో ‘డీహెచ్‌సీపీఎస్-ఫిక్స్‌డ్’ ఎంచుకుని, జాబితా నుంచి మీ రూటర్ మ్యాక్ తీసుకుని సేవ్ చేయండి. రూటర్ వాన్‌ను ఆటోమేటిక్ ఐపీలో ఉంచండి, అక్కడ పీపీపీఓఈ లేదు. రూటర్ లాన్ 192.168.1 వరసలో ఉంటే మార్చండి. రూటర్ ఆపి వేశాక దాని వాన్‌లో పబ్లిక్ ఐపీ కనిపిస్తే పని అయినట్టే. డబ్బా వైఫై విడిగా ఆపుకోవాలి.

న్యూజెర్సీలో వెరైజన్ ఫియోస్ వాడే బంధువులుంటే వారికి ఇంత పని ఉండదు. ఓఎన్‌టీ నుంచి ఈథర్‌నెట్ కేబులే వస్తుంది. పాత రూటర్ పేజీలో డీహెచ్‌సీపీ ‘రిలీజ్’ నొక్కి, వెంటనే కేబుల్ తీసి కొత్తదానికి పెట్టాలి. రిలీజ్ చేయకపోతే పాత లీజు (పాత రూటర్‌కు ఇచ్చిన అడ్రసు గడువు) తీరేదాకా కొత్త రూటర్‌కు అడ్రసు రాకపోవచ్చు.

కరెంటు పోయినప్పుడు డబ్బా, రూటర్ రెండూ ఒకే మినీ యూపీఎస్ మీద నడుస్తాయా? వీధిలో కరెంటు లేనప్పుడు అసలు నెట్ వస్తుందా?
– ఒక టీచరు, అనంతపురం

వస్తుంది. వీధి స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, అది వెలుగును పంచే గాజు ముక్క మాత్రమే. అవతల ఓఎల్‌టీకి, ఇవతల మీ డబ్బాకు ఉంటే చాలు. యూపీఎస్ కొనే ముందు రెండు అడాప్టర్ల మీదా ‘అవుట్‌పుట్’ చదవండి. డబ్బాలు సాధారణంగా 12 వోల్టులు. కొన్ని రూటర్లు 9 వోల్టులవి, వాటిని 12కు గుచ్చితే కాలిపోవచ్చు. ఆంపియర్లు రెండూ కలిపితే యూపీఎస్ ఇచ్చేదానికి లోపలే ఉండాలి. ఒకటి 1, మరొకటి 1.5 అయితే 2 ఆంపియర్ల యూపీఎస్ చాలదు. 22 వాట్-అవర్ బ్యాటరీ మీద రెండూ కలిసి 14 వాట్లు లాగితే, యూపీఎస్‌లో వృథా అయ్యేది పోగా గంటంపావు దాకా నడుస్తాయి. పిన్ను బయటి వ్యాసం ఒకటే అయినా లోపలి రంధ్రం 2.1, 2.5 మిల్లీమీటర్లని రెండు రకాలు. వదులుగా ఉంటే కరెంటు మారిన క్షణంలో డబ్బా రీస్టార్ట్ అవుతుంది.

రూటర్ మార్చాను, కేబుల్ మార్చాను. అయినా రోజుకు నాలుగైదుసార్లు నెట్ పోయి వస్తోంది. అప్పుడు డబ్బా మీద ఎర్ర లైటు వెలిగి ఆరుతోంది.
– ఒక పాఠకుడు, సిద్దిపేట

ఆ ఎర్ర లైటు ఎల్ఓఎస్, అంటే వెలుగు అందడం లేదు. మీ రూటర్‌కు ఇందులో పాపం లేదు. డబ్బా స్టేటస్ పేజీలో పాన్ లేదా ఆప్టికల్ అని ఉన్నచోట ఆర్ఎక్స్ పవర్, అంటే డబ్బాకు అందుతున్న వెలుగు బలం చూడండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. మైనస్ 27 దాటిందంటే అంచు మీద ఉంది, ఎండకో గాలికో తీగ కాస్త కదిలినా తెగుతుంది.

డబ్బా వెనక తీగ చుట్టను చూడండి. మంచం కాలు కిందో, మేకు చుట్టూనో మడత పడితే వెలుగు అక్కడ బయటికి కారిపోతుంది. చుట్ట టీ సాసరు కన్నా చిన్నది కాకుండా చూసుకోండి. కనెక్టర్ రంగూ చూడండి. ఆకుపచ్చ కొస ఎనిమిది డిగ్రీలు ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలం కొసకు ఆ వాలు ఉండదు. ఒకదానికొకటి గుచ్చితే పట్టినట్టే ఉంటుంది కానీ మధ్యలో సందు మిగిలి వెలుగు పోతుంది. తీసిన కొసను వేలితో ముట్టుకోవద్దు, కంటికి ఎదురుగా పెట్టి అసలు చూడొద్దు. ఆ వెలుగు కంటికి కనిపించదు.

ఫిర్యాదు చేసేటప్పుడు ‘నెట్ స్లో’ అనకండి. అలా అంటే రూటర్ ఆపి వేయమంటారు. ‘ఎల్ఓఎస్ వస్తోంది, ఆర్ఎక్స్ మైనస్ 28 చూపిస్తోంది’ అని అంకెతో సహా చెప్పండి, పవర్ మీటరు తెచ్చే మనిషిని పంపమని అడగండి.